తొంభై దాటితే వణుకు

చక్రాల తూకం సరిచూసే మెషీను మీద చక్రం వేగం అందుకోగానే తిహోమిర్ కళ్ళు మూసుకుంటాడు. కుడిచేతి రెండు వేళ్ళు మెషీను ఇనపకాలి మీద ఆనిస్తాడు, నాడి చూసే వైద్యుడిలా. "లోపల పదిహేను," అంటాడు. "బయట ఐదు." చక్రం ఆగుతుంది. ఏ పక్క ఎంత సీసం అంటించాలో తెర మీద అంకెలు వస్తాయి. లోపల పదిహేను గ్రాములు, బయట ఐదు.

తెర మీద ఆయనకి నమ్మకం లేక కాదు. తెరకి తన మీద నమ్మకం ఉండాలని.

బేల పాలంక అనే చిన్న ఊళ్ళో పాత రోడ్డు పక్కన ఆయన కొట్టు. బోర్డు మీద 'టైర్లు' అని ఒకే మాట. పేరు రాయలేదు. ఊళ్ళో రెండో కొట్టు లేనప్పుడు పేరెందుకు? ఇప్పుడు నీష్ పట్నం వెళ్ళే దారిలో అద్దాల తలుపులతో పెద్ద కొట్టు వెలిసింది. అక్కడ కూర్చోడానికి సోఫా ఉందట. మెషీనే కాఫీ పోస్తుందట. తిహోమిర్ కొట్లో కాఫీ ఆయన భార్య జగోర్కా పోస్తుంది, వెనకనున్న ఇంట్లోంచి తెచ్చి. కూర్చోడానికి పాత టైర్లున్నాయి.

ఆయనది పెద్ద శరీరం, చిన్న మాట. చక్రం బిగించి బండి కిందికి దించాక, "వెళ్ళు, వణకదు," అంటాడు. ఆ రెండు మాటల కోసమే జనం వచ్చేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట పట్టుకుని వెనక్కి వచ్చినవాడు లేడు.

అలా వచ్చిన మొదటివాడు వెలిబోర్. అదీ కథ.

వెలిబోర్ తిహోమిర్‌కి కుమ్. పెళ్ళిలో పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు కుమ్. పిలుపులో 'కుమే'. బిడ్డ పుడితే పేరు పెట్టేది కూడా అతనే; తిహోమిర్ కూతురి పేరు తండ్రికి సైతం చర్చి గుమ్మంలోనే తెలిసింది. అన్నతో కొట్లాడవచ్చు, తమ్ముడితో మాట మానేయవచ్చు, కుమ్‌తో కుదరదు. తెంపేసి ఇంకోటి కుట్టుకోడానికి కుమ్ చొక్కా గుండీ కాదంటారు.

ఈ కుమ్ ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా, చూపుడువేలు ఎప్పుడూ పైకెత్తి ఉంటాడు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర పాసయ్యారు, మిగతా సగం ఆయన్ని చూస్తే ఇప్పటికీ చేతులు కట్టుకుంటారు.

నవంబరు మొదటి సోమవారం. వెలిబోర్ నాలుగు చలికాలపు టైర్లు తెచ్చి కొట్లో దించాడు. అంతకుముందెప్పుడూ జర్మనీలో ఎవరో అరగదీసి వదిలేసినవే కొనేవాడు. ఇవి కొత్తవి. రబ్బరు మీద సన్నటి నూగు వెంట్రుకలు ఇంకా రాలలేదు.

"వాసన చూడు, కుమే," అన్నాడు వెలిబోర్.

"రబ్బరు."

"కొత్త రబ్బరు! తేడా తెలియదా నీకు? చెప్పు, ఇలాంటివి బేల పాలంకలో ఇంకెవరి బండికైనా ఉన్నాయా? ఒక్కడి పేరు చెప్పు."

చిక్కుడుగింజల కూర గిన్నెతో లోపలికొస్తున్న తిహోమిర్ తల్లి లెపోసవా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడకి ఎనభై మూడేళ్ళు.

"అయ్యో నాయనా, ఉమ్మెయ్యి. మూడుసార్లు. త్వరగా."

"పిన్నీ, నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఫిజిక్సు చెప్పినవాణ్ణి."

"అయితే నోట్లో ఉమ్ము రాదా?"

వెలిబోర్ నవ్వుతూ వెళ్ళిపోయాడు, ఉమ్మకుండానే. తిహోమిర్ ఒక్కో టైరూ నిలబెట్టి, లోపల అరచెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. మేకు, రాయి, ఫ్యాక్టరీలో మరిచిపోయిన కాగితం ముక్క, ఏదైనా ఉండవచ్చు. ఏదీ లేదు. నాలుగూ గోడకి ఆనించి, కూర తిని, పెరట్లో పాత టైర్లు సర్దడానికి వెళ్ళాడు. గిన్నె తీసుకెళ్ళడానికి లెపోసవా వెనక ఉండిపోయింది.

మంగళవారం కుమ్ బండే ముందు పట్టాడు. వరసలో ఏడుగురున్నారు, కొండల మీద మంచు పడుతుందని రేడియో చెబుతోంది, అయినా ఎవరూ నోరెత్తలేదు. కుమ్ ముందు కాకపోతే ఇంకెవరు ముందు? టైర్లు రిములకి ఎక్కించాడు, గాలి కొట్టాడు, మెషీను మీద పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు చెప్పిన చోటే సీసం బిళ్ళలు అంటించాడు. నాలుగు చక్రాలకీ తెర మీద సున్నా, సున్నా.

"వెళ్ళు, వణకదు."

వెలిబోర్ బండి ఎక్కుతూ ఆకాశం వైపు చూశాడు. "శనివారం వాన పడుతుందంటావా?"

"పడితే పడనీ. ఇంట్లో పొయ్యి ఉంటుందిగా."

వాళ్ళు మాట్లాడుకున్నది వాన గురించి కాదు. శనివారం ఎనిమిదో తారీకు, పునీత దిమిత్రి పండగ. తిహోమిర్ ఇంటి స్లావా. తాతల నాటి నుంచి ఆ ఇల్లు కాచుకునే దేవుడి రోజు. స్లావాకి ఒక నియమం ఉంది. ఎవర్నీ పిలవకూడదు. రావలసినవాడు తనంతట తనే వస్తాడు. పిలిచావంటే, రాడేమోనన్న అనుమానం నీకుందన్నమాట. అడిగావంటే ఆ అనుమానం అతనికీ అంటించావన్నమాట. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఇంటి గడప మొదట తొక్కింది వెలిబోరే. ఉడికించిన తీపి గోధుమల గిన్నెలో మొదటి చెంచా ఆయనదే.

బుధవారం మధ్యాహ్నం నీలం కారు తిరిగొచ్చింది. వెలిబోర్ దిగి తలుపు గట్టిగా వేశాడు.

"కుమే, తిహోమిర్ అని నీకెవరు పెట్టారో గాని, ఆ పేరులో నెమ్మదీ ఉంది, శాంతీ ఉంది. నా స్టీరింగులో రెండూ లేవు."

"వణుకుతోందా?"

"తొంభై దాటితే వణుకు. నూట పదికి నా పళ్ళు కూడా. నూట ముప్పైకి ఆగిపోతుంది."

"అయితే నూట ముప్పైలో పో."

"పోలీసు ఆపితే ఏం చెప్పను? మా కుమ్ సలహా అనా?"

తిహోమిర్ ముందు చక్రం విప్పి మెషీను మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి వేళ్ళు ఏమీ చెప్పలేదు. చెప్పలేదనడం కంటే, ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్పాయి. తెర మీద ముప్పై గ్రాములు వచ్చింది. నిన్న సున్నా చూపించిన చక్రమే. బిళ్ళ అంటించి మళ్ళీ తిప్పాడు. ఇరవై ఐదు, ఇంకో పక్క. అది సరిచేసి తిప్పాడు. పది, కింద. మరోసారి తిప్పితే, విసుగెత్తినట్టు, సున్నా చూపించింది. బండి దించాడు గాని ఆ రెండు మాటలూ అనలేదు. వెలిబోర్ కాసేపు ఎదురుచూసి, ఏమీ వినబడక, వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్నే వచ్చాడు. అప్పటికే వరసలో ఐదుగురు. ఊరికి తెలియకుండా దాచడానికి ఇంక వీల్లేదు.

"రోడ్డు," అన్నాడు ఒకాయన. "మొన్న వానకి గుంటలు పడ్డాయి."

"రోడ్డు నా ఒక్కడికేనా?" అన్నాడు వెలిబోర్.

"కొట్టుకి రెండు తలుపులూ తెరిచిపెట్టాడు చూడు," అన్నాడు రొట్టెల బట్టీ ఆయన, మెడకి మఫ్లరు బిగిస్తూ. "అటూ ఇటూ గాలి. అలాంటి గాలి తగిలితే మనిషికి మెడ పట్టేస్తుంది. చక్రానికి పట్టదా?"

ఎవరూ నవ్వలేదు. ఆ గాలి సంగతి నవ్వులాట కాదు. ఎవరో లేచి వెనక తలుపు మూశారు. తిహోమిర్ మళ్ళీ తిప్పాడు. వేళ్ళు పది అన్నాయి, తెర ముప్పై ఐదు అంది. కొట్లో అందరూ చూశారు. ఒకాయన దగ్గాడు. ఆ దగ్గు అంకె కన్నా బరువుగా తగిలింది.

"నీ వేళ్ళు నిద్రపోతున్నాయి, కుమే," అన్నాడు వెలిబోర్. "వయసు. అందరికీ వస్తుంది. నాకు చెవులు, నీకు వేళ్ళు."

తిహోమిర్ పానా కింద పెట్టాడు. మెల్లగా అన్నాడు. "నా వేళ్ళు మేలుకునే ఉన్నాయి. నీ టైర్లు గుండ్రంగా లేవు. గుడ్లు. నాలుగు గుడ్లు కొనుక్కొచ్చి నన్ను పొదగమంటున్నావు."

"గుడ్లా?"

"కోడిగుడ్లు కూడా కాదు. బాతువి."

అన్నాక తనకే తెలిసింది, ఇది నమ్మి అన్న మాట కాదని. కానీ ఐదుగురి ముందు అన్న మాట, పిల్లి పట్టుకున్న చేపలాంటిది. ఇచ్చేదెవడు?

"లోపలేమన్నా ఉందేమో," అన్నాడు రొట్టెలాయన. "విప్పి చూడరాదూ?"

"లోపల నేను చెయ్యి పెట్టి చూశాను. నేను ఎక్కించిన టైరు నేను విప్పను."

వెలిబోర్ చూపుడువేలు పైకి లేచింది, పాఠం మొదలుపెట్టబోతున్నట్టు. మళ్ళీ దిగిపోయింది. తాళంచెవి తీసి మెషీను మీద పెట్టాడు.

"బండి ఇక్కడే ఉంచుతున్నాను. రేపు సాయంత్రం వస్తా. గుడ్లయితే అమ్మినవాడికి ఉత్తరం రాస్తా. వేళ్ళయితే నీష్ దారిలో అద్దాల కొట్లో చెప్పి ఉంచాను. శనివారం, పదకొండింటికి."

శనివారం అన్న మాటకి రొట్టెలాయన మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. గాలి కొట్టే మోటారు ఒక్కటే మోగి, అదీ ఆగింది. వెలిబోర్‌కి కూడా వినబడింది తనేమన్నాడో. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ మాస్టారు నల్లబల్ల మీద రాసింది క్లాసు ముందు ఎప్పుడు చెరిపాడని? కోటు కాలరు పైకెత్తుకుని నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర జగోర్కా అడిగింది. "పండగకి మాంసం కూరి క్యాబేజీ ఆకులు ఎన్ని చుట్టను?"

"ఎప్పుడూ చుట్టేటన్ని."

"ఎప్పుడూ అంటే కుమ్‌తో కలిపా?"

"పిలవం కదా."

"పిలవమని నేనన్నానా? ఆకులెన్నని అడిగాను."

లెపోసవా పళ్ళెంలోకి చూస్తూ రొట్టె నములుతోంది. "ఆ టైర్లు వణకడమేమిటి," అంది తనలో తను అనుకున్నట్టు. "వాటికి ఏమీ కాదు."

"నీకెలా తెలుసమ్మా?"

"నాకేం తెలుసు," అంది ముసలావిడ, ఇంకో ముక్క రొట్టె తుంచుకుంటూ.

శుక్రవారం తిహోమిర్ కొట్టు తెరవలేదు. తలుపులు లోపల గడియ పెట్టుకున్నాడు. రేడియో ఆపాడు. మోటారు ఆపాడు. ముందు చక్రం మెషీనుకి బిగించాడు గాని మీట నొక్కలేదు. ఊరికే అలా చూస్తూ కూచున్నాడు. చక్రం గుండ్రంగానే ఉంది. బాతుగుడ్డు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

ఒక వేలితో చక్రాన్ని మెల్లగా నెట్టాడు. గడియారం ముల్లు తిరిగినంత నెమ్మదిగా అది తిరిగింది. చెవి దగ్గరగా పెట్టాడు.

తుప్.

అర నిమిషం తర్వాత మళ్ళీ, తుప్.

ఎవరో మెత్తటి చెప్పులతో ఒక్కో మెట్టూ దిగుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ వేగంగా తిరిగే చక్రాన్నే విన్నాడు గాని, నెమ్మదిగా తిరిగేదాన్ని ఎప్పుడూ వినలేదు.

గాలి తీశాడు. మీట పెట్టి అంచు లేపాడు. తను ఎక్కించిన టైరు అరగకముందే తనే విప్పడం అదే మొదలు. లోపల చెయ్యి పెట్టాడు. వేళ్ళకి చిన్నగా, నున్నగా, మొనదేలి ఏదో తగిలింది. బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

వెల్లుల్లి రెబ్బ. వీపున పసుపుపచ్చని మైనం అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెల్లుల్లీ, చర్చీ కలిసిన వాసన.

మిగతా మూడు చక్రాలూ విప్పాడు. మూడు రెబ్బలు. మొత్తం నాలుగు. ఒక్కొక్కటి మైనంతో కలిపి పది గ్రాములుంటుంది. తూచకుండానే చెప్పగలడు.

పెరట్లో లెపోసవా పండగకి వాల్‌నట్‌లు పగలగొడుతోంది. కొడుకు ఎదురుగా వచ్చి నిలబడి అరచెయ్యి తెరిచాడు. ఆవిడ చూసింది. సుత్తి పక్కన పెట్టింది.

"తీసేశావా?" అంది. "నీ చేత్తోనే?"

"అమ్మా, ఏమిటిది?"

"వెల్లుల్లి."

"వెల్లుల్లని తెలుసు. టైర్లో ఎందుకుంది?"

"బయట పెడితే పడిపోదూ?" అంది ఆవిడ, ఇంత చిన్న సంగతి తెలియని కొడుకుని కన్నందుకు జాలిపడుతూ. "ఆ పొడుగు మనిషి నాలుగు కొత్త టైర్లు పట్టుకొచ్చి, ఊళ్ళో ఎవరికీ లేవని అరిచాడు. ఉమ్మమంటే ఉమ్మలేదు. నరుడి కంటికి నల్లరాయే పగులుతుందిరా, నల్ల రబ్బరెంత? వెల్లుల్లి ఉంటే దిష్టి తగలదు. ఆ టైర్లతో కొండదారిన పోతాడు. ఏమన్నా అయితే ఎవరి కుమ్? మన కుమ్."

"నాలుగింటికీ పెట్టావా!"

"ఒకదానికి పెట్టి మిగతావాటికి పెట్టకపోతే అవి అలగవూ?"

"మైనం ఎందుకు?"

"ఊరికే వేస్తే లోపల దొర్లుతుంది కదా. ఆ మాత్రం నాకు తెలియదా? చర్చి కొవ్వొత్తి చివర కాల్చి అంటించాను. గట్టిగానే పట్టుకుంది. నీ మెషీను దాన్ని కనిపెట్టిందా? లేదే. మంగళవారం సున్నా, సున్నా అని నువ్వే చెప్పావు."

ఆవిడ అన్నది నిజమే. రెబ్బ బరువుని కూడా లెక్కలో కలిపే మెషీను సున్నా చూపించింది. తర్వాత దారిలో రబ్బరు వేడెక్కింది, మైనం మెత్తబడింది, రెబ్బ ఊడింది. తప్పు మెషీనుది కాదు, టైర్లది కాదు, వేళ్ళది కాదు. తిహోమిర్ గుండెల మీద నుంచి మూడు రోజుల బరువు దిగింది. దిగుతూ దిగుతూ ఇంకోటి గుర్తుచేసింది.

"అమ్మా, మన వ్యాన్‌కి కూడా..."

"నువ్వు కొత్త టైర్లు వేసుకున్న రోజే పెట్టాను. నాలుగేళ్ళు కాలేదూ? చూడు, ఇప్పటిదాకా ఏమన్నా అయిందా?"

ఆ వ్యాన్ నాలుగేళ్ళుగా ఎనభై దాటితే కొంచెం ఊగుతుంది. అడిగినవాళ్ళకి స్ప్రింగులు పాతవని చెప్పేవాడు. తిహోమిర్ అక్కడే కట్టెల దుంగ మీద కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆఖరికి నోట్లోంచి నవ్వు బయటపడింది. జగోర్కా చేతులకి పిండితో గుమ్మంలోకి వచ్చి చూసి లోపలికి పోయింది.

లెపోసవా నవ్వలేదు. కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వాడికి చెప్పకురా. మాస్టారు వాడు. రేపటికి ఊరంతా తెలుస్తుంది. రొట్టె కొనడానికి వెళ్తే నన్ను చూసి మంత్రగత్తె అంటారు. నీకేం పోయింది? తీసేశావుగా. బాగుచేశానని ఇచ్చెయ్యి."

తిహోమిర్ లేచి వెళ్ళి, నాలుగు రిములూ తుడిచి, టైర్లు మళ్ళీ ఎక్కించాడు. ఈసారి ఎక్కించేముందు లోపల రెండుసార్లు తడిమాడు. సున్నా, సున్నా.

సాయంత్రం నాలుగు గంటలకి వెలిబోర్ వచ్చాడు. చేతిలో గోధుమరంగు కవరు. గుమ్మంలోనే నిలబడి, "గుడ్లా, వేళ్ళా?" అన్నాడు.

"ఎక్కు," అన్నాడు తిహోమిర్. "నువ్వే నడుపు."

హైవే ఎక్కారు. అరవై. ఎనభై. తొంభై దగ్గర వెలిబోర్ పళ్ళు బిగించుకున్నాడు. వంద. నూట పది. స్టీరింగు నిద్రపోతున్న పిల్లాడి చెయ్యిలా ఉంది. వెలిబోర్ ఒక చెయ్యి తీసేశాడు. రెండోది కూడా కొంచెం వదులు చేశాడు. ఏమీ లేదు.

ఆయన ముఖం విప్పారింది. "అంటే గుడ్లే! కుమే, నేను నిన్నే అనుకున్నాను. ఏదో చేసి గుండ్రం చేశావు గాని, తప్పు టైర్లది. ఇదిగో చూడు." కవరు తట్టాడు. "అమ్మినవాడికి. మూడు పేజీలు. బొమ్మతో సహా. రేపు పోస్టులో వేస్తా. ఊళ్ళో అందరికీ చెప్తాను, తిహోమిర్ వేళ్ళకి తప్పు లేదని. నువ్వు అవునను చాలు."

అవునంటే చాలు. అమ్మకి పరువు, తనకి పేరు, కుమ్‌కి సంతోషం. అమ్మినవాడెవడో నీష్‌లో మూడు పేజీలు చదువుకుని తల గోక్కుంటాడు, అంతే. తిహోమిర్ కిటికీలోంచి కొండలకేసి చూశాడు. పైన అప్పుడే తెల్లబడ్డాయి.

జేబులో చెయ్యి పెట్టి, నాలుగు రెబ్బలూ స్టీరింగు ముందున్న పలక మీద వరసగా పేర్చాడు.

"ఇవి లోపలున్నాయి," అన్నాడు. "నాలుగింట్లో నాలుగు. టైర్లు గుండ్రంగానే ఉన్నాయి. బాతుగుడ్లని అబద్ధం చెప్పాను. సోమవారం చెయ్యి పెట్టి చూశాను, మంగళవారం పెట్టలేదు. ఎక్కించేముందు పెట్టాలి. పెట్టలేదు."

వెలిబోర్ వేగం తగ్గించాడు. రెబ్బల్ని చూశాడు. దారిని చూశాడు. మళ్ళీ రెబ్బల్ని.

"లెపోసవా పిన్నేనా?"

తిహోమిర్ వరస తప్పిన రెబ్బని వేలితో సరిచేశాడు.

"ఈ పచ్చగా ఉన్నదేమిటి?"

"మైనం. చర్చిది."

"మైనం," అన్నాడు వెలిబోర్. చూపుడువేలు స్టీరింగు మీంచి లేచింది. "తేనెపట్టు మైనం! నలభై డిగ్రీలకి మెత్తబడుతుంది. టైరు ఎంత వేడెక్కుతుంది? అంతకన్నా ఎక్కువే! మొదట అతుక్కుని ఉంది కాబట్టి నీకు సున్నా. తర్వాత ఊడింది కాబట్టి ప్రతిసారీ వేరే చోట! కుమే, ఇది ముప్పై ఎనిమిదేళ్ళలో నేను పరీక్షలో ఇవ్వకుండా వదిలేసిన ప్రశ్న! ఎనభై మూడేళ్ళ ముసలమ్మ ఇచ్చింది!"

"అరవకు. దారి చూడు."

"నూట ముప్పైకి ఎందుకు ఆగిపోయేదో తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు," అన్నాడు వెలిబోర్ ఆనందంగా. "ఆలోచించాలి."

కాసేపు నవ్వుకున్నాడు.  వెనక్కి తిరిగే చోట బండి పక్కకి ఆపి, కవరు తీసి రెండుగా చింపాడు, మళ్ళీ నాలుగుగా.

"మూడు పేజీలు దండగ. బొమ్మ బాగా వచ్చింది కూడాను." రెబ్బల్లో ఒకటి తీసుకుని కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. తిహోమిర్ చూడటం చూసి, "పరిశీలనకి," అన్నాడు. "మైనం ఎంత ఉందో చూడాలి."

"చూడు."

"పిన్నికి చెప్పు, నేనెవరికీ చెప్పనని. రొట్టెలాయన అడిగితే గాలి తగిలిందని చెప్తాను. నమ్ముతాడు."

"నమ్ముతాడు."

ఊరి మలుపు వచ్చింది. తిహోమిర్ నోట్లో ఒక మాట తిరుగుతోంది. రేపు. దాన్ని ఎటు తిప్పినా పిలుపే అవుతుంది. అద్దాల కొట్లో పదకొండింటి మాట రద్దు చేశావా అని అడిగినా పిలుపే. క్యాబేజీ ఆకులు ఎప్పుడూ చుట్టేటన్నే చుట్టారని చెప్పినా పిలుపే.

"రేపు," అన్నాడు ఆఖరికి, "వాన పడదనుకుంటా."

"చెప్పలేం," అన్నాడు వెలిబోర్. "ఈ రేడియోవాళ్ళని నమ్మడానికి లేదు." కొట్టు ముందు దింపి వెళ్ళిపోయాడు.

వస్తాననలేదు. రాననలేదు. తనంతట వచ్చేవాడు ముందు చెప్పడు కదా.

మర్నాడు ఐదింటికే తిహోమిర్ లేచాడు. గడ్డం గీసుకుని తెల్లచొక్కా తొడుక్కున్నాడు. లోపల జగోర్కా పంది మాంసం పొయ్యిలో పెడుతోంది, లెపోసవా గోధుమల గిన్నె మీద పంచదార పొడి చల్లుతోంది.  ఆయన చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

ఇంటి గేటు ముందు జాగా ఊడ్చాడు. రాత్రి రాలిన ఆకులు ఒక పక్కకి తోశాడు. తన వ్యాన్ తీసి వీధి చివర పెట్టొచ్చాడు. గేటు ముందు ఒక బండి పట్టేంత చోటు అడుగులతో కొలిచి, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, రెండు పాత టైర్లు నిలబెట్టాడు.

తొమ్మిదిన్నరకి రొట్టెలాయన పండగ రొట్టె తెచ్చి, బండి అక్కడ పెట్టబోయాడు.

"అక్కడొద్దు," అన్నాడు తిహోమిర్.

"ఎవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదు."

"ఎవరి కోసమూ కాకపోతే నేను పెట్టుకుంటే ఏం?"

"ముందుకెళ్ళు నాయనా. పండగ పూట."

రొట్టెలాయన రెండు టైర్లకేసీ, తెల్లచొక్కాకేసీ, చీపురుకేసీ చూశాడు. బండి చాలా ముందుకి తీసుకెళ్ళి ఆపి, రొట్టె గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళాడు.

పది దాటింది. తిహోమిర్ ఊడ్చిన జాగానే మళ్ళీ ఊడ్చాడు. పదిన్నరకి వీధి మొదట్లో ఒక బండి మలుపు తిరిగిన చప్పుడైంది. తిహోమిర్ తలెత్తి చూడలేదు. చీపురు గోడకి ఆనించాడు. వంగి, ఒక్కో టైరూ పక్కకి దొర్లించాడు.